ఇంట్లో తయారుచేసుకునే ఫోనో ప్రీయాంప్: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీద పెట్టెలో పాత రికార్డులు దొరికాయి, ప్లేయర్ బాగు చేయించాం, ఆంప్లిఫయర్‌కు కలిపాం, పాట మాత్రం దోమ రొదలా సన్నగా వినిపిస్తోంది అంటూ నన్ను అడిగేవారు ఏటా కొందరైనా ఉంటారు. వాళ్లకు నేను పదే పదే గీసి ఇచ్చిన సర్క్యూట్ ఒక్కటే, ప్లేయర్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య పెట్టే ఫోనో ప్రీయాంప్: ఒక ఎన్‌ఈ5532 ఐసీ, దాని చుట్టూ గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని తయారుచేయడంలో, అవసరానికి తగ్గట్టు మార్చుకోవడంలో, మొరాయిస్తే దారికి తెచ్చుకోవడంలో వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నా చేతికి వచ్చిన బోర్డుల్లో తప్పు ఐసీలో ఉన్నది చాలా తక్కువ. ఎర్త్ వైరును ఎక్కడ కలిపారన్న దగ్గరే ఎక్కువగా దొరికింది. అందుకే హమ్, అంటే పాట వెనుక ఎడతెగకుండా వినిపించే రొద, గురించిన జవాబు అన్నిటికన్నా పొడుగ్గా ఉంటుంది.

రికార్డు ప్లేయర్‌ను ఆంప్లిఫయర్‌కు నేరుగా కలిపితే ఏమవుతుంది?

ఏదీ కాలిపోదు, కానీ పాట పాటలా ఉండదు. ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాన్ని కార్ట్‌రిడ్జ్ అంటారు. అయస్కాంతంతో పని చేసే మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. వాల్యూమ్ ఎంత పెంచినా ఈ తేడా పూడదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. రికార్డు కోసేటప్పుడు బాస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి కోస్తారు. బాస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలోకి చొరబడుతుంది. ట్రెబుల్‌ను పెంచకపోతే అది ప్లేటు మీది చిటపటల్లో మునిగిపోతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది మొదట్లో కంపెనీకి ఒక తీరుగా ఉండేది. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒకే కొలతను ఖాయం చేసింది. దాన్నే ఆర్‌ఐఏఏ కర్వ్ అంటారు. వినేటప్పుడు దాన్ని సరిగ్గా తిరగేయాలి. 1,000 హెర్ట్జ్‌తో పోల్చితే 20 హెర్ట్జ్ దగ్గర 19.3 డెసిబెల్స్ పెంచాలి, 20,000 హెర్ట్జ్ దగ్గర 19.6 డెసిబెల్స్ తగ్గించాలి. సిగ్నల్‌ను పెంచడం, ఈ కర్వ్‌ను తిరగేయడం, ఫోనో ప్రీయాంప్ చేసే పనులు ఈ రెండే.

మా ఇంట్లోది 1970ల నాటి సూట్‌కేసు ప్లేయర్. దానికీ ఇదే సర్క్యూట్ పెట్టాలా?

బహుశా వద్దు. ముందు కార్ట్‌రిడ్జ్ మీది మోడల్ నంబరు చదివి అది ఏ రకమో తెలుసుకోండి. ఆ కాలపు ఇంటి ప్లేయర్లలో సిరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్‌రిడ్జ్‌లు ఎక్కువ. అవి వందల మిల్లీవోల్టులు ఇస్తాయి. పైగా ముల్లు ఎంత వేగంగా కదిలిందన్న దాన్ని బట్టి కాక, ఎంత దూరం కదిలిందన్న దాన్ని బట్టి వోల్టేజి ఇస్తాయి కనుక కర్వ్ సవరణ చాలావరకు దానంతటదే జరిగిపోతుంది. వాటికి ఈ సర్క్యూట్ పెడితే పాట పగిలిపోతుంది.

అక్కడ కావలసింది 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ఒక బఫర్. టీఎల్072 లాంటి ఫెట్ ఇన్‌పుట్ ఐసీతో, గెయిన్ ఏమీ లేకుండా, అంటే సిగ్నల్‌ను పెంచకుండా దాటించేలా తయారుచేస్తే చాలు. మామూలు ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే లోడు ఎక్కువై బాస్ పోతుంది. సిరామిక్ ప్లేయర్ సన్నగా పాడటానికి అసలు కారణం అది.

సరే, నాది మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జే. సర్క్యూట్ చెప్పండి.

ఒక చానెల్ చెబుతాను, రెండోది అచ్చంగా అంతే. ఎన్‌ఈ5532లో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి కాబట్టి ఒక్క ఐసీ రెండు చానెళ్లకూ సరిపోతుంది.

ఇన్‌పుట్ జాక్ నుంచి 100 ఓముల రెసిస్టర్. దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కు 100 పికోఫారడ్. అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ బైపోలార్ కెపాసిటర్ ద్వారా పిన్ 3కు. పిన్ 3 నుంచి గ్రౌండ్‌కు 47 కిలో ఓమ్‌లు. పిన్ 2 నుంచి గ్రౌండ్‌కు 180 ఓములు, 220 మైక్రోఫారడ్ వరుసగా.

ఇక అసలు గుండెకాయ, పిన్ 1 నుంచి పిన్ 2కు వచ్చే ఫీడ్‌బ్యాక్ దారి. అందులో రెండు జంటలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. మొదటి జంట 87.6 కిలో ఓమ్‌లు, దానికి సమాంతరంగా 36.3 నానోఫారడ్. రెండో జంట 7.5 కిలో ఓమ్‌లు, దానికి సమాంతరంగా 10 నానోఫారడ్. బేసి అంకెలు చూసి బెదరకండి. 82 కిలో, 5.6 కిలో వరుసగా కలిపితే 87.6. 33 నానో, 3.3 నానో పక్కపక్కన కలిపితే 36.3.

పిన్ 1 నుంచి 100 ఓములు, తరువాత 10 మైక్రోఫారడ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌లు, అదే అవుట్‌పుట్. రెండో చానెల్‌కు పిన్ 1, 2, 3 బదులు 7, 6, 5. పిన్ 8కి ప్లస్ సప్లై, పిన్ 4కు మైనస్ సప్లై. ఆ రెండు పిన్నుల దగ్గర, ఐసీకి ఆనుకునేంత దగ్గరగా, ఒక్కొక్కటి 0.1 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కు. ఇది మాత్రం అలంకారం అనుకుని వదిలేయకండి. అది లేక చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతూ, ఐసీ వేడెక్కి, పాట మసకబారిన బోర్డులు చూశాను.

ఈ విలువలతో 1,000 హెర్ట్జ్ దగ్గర గెయిన్ 54 రెట్లు, అంటే సుమారు 34.7 డెసిబెల్స్. 5 మిల్లీవోల్టులు లోపలికి వెళితే 270 మిల్లీవోల్టులు బయటికి వస్తాయి. మామూలు ఆంప్లిఫయర్‌కు అది చాలు.

ఆ విలువల వెనుక లెక్క ఏమిటి? నా దగ్గర 36 నానోఫారడ్ లేకపోతే?

ఆర్‌ఐఏఏ కర్వ్ మూడు కాలాల మీద నిలుస్తుంది: 3,180 మైక్రోసెకన్లు, 318, 75. మొదటి జంటలో రెసిస్టర్‌ను కెపాసిటర్‌తో గుణిస్తే 3,180 రావాలి. మనది 87.6 కిలో, 36.3 నానో, గుణిస్తే 3,179.9. రెండో జంటలో 75 రావాలి. 7.5 కిలో, 10 నానో, సరిగ్గా 75. మధ్యలోని 318 రెండు జంటలూ కలిసి ఇచ్చేది. రెండు రెసిస్టర్లను సమాంతరంగా పెడితే వచ్చే విలువను రెండు కెపాసిటర్ల మొత్తంతో గుణించండి. 6.91 కిలో, 46.3 నానో, సుమారు 320. ఒక్క శాతం లోపు తేడా.

కాబట్టి ఏ కెపాసిటర్ దొరికితే దానితో మొదలుపెట్టి, ఈ మూడు గుణకారాలు కుదిరేలా మిగతా విలువలు ఎంచుకోవచ్చు. కెపాసిటర్లు కోరిన విలువలో దొరకవు, రెసిస్టర్లు దొరుకుతాయి. లెక్క ఎప్పుడూ కెపాసిటర్ దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో విలువవి అయిదో పదో కొని, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్‌తో కొలిచి, రెండు చానెళ్లకూ ఒకే విలువ ఉన్న జతలు ఏరుకోండి. ఎడమ, కుడి మధ్య తేడా ఉంటే గాయకుడి గొంతు మధ్యలో నిలవదు. ఒకసారి విన్నాక ఆ లోపం మరిచిపోలేం.

ఫీడ్‌బ్యాక్‌లో సిరామిక్ డిస్క్ కెపాసిటర్లు వాడవచ్చా?

వద్దు. మామూలు సిరామిక్ కెపాసిటర్ విలువ దాని మీది వోల్టేజిని బట్టి, వేడిని బట్టి మారుతుంది. తట్టితే మైకులా శబ్దం కూడా ఇస్తుంది. ఆ 36.3 నానో, 10 నానోలకు పాలియెస్టర్ గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడండి. ఇన్‌పుట్‌లోని 100 పికోఫారడ్‌కు ఎన్‌పీఓ రకం సిరామిక్ బాగుంటుంది. సప్లై దగ్గరి 0.1కి ఏ సిరామిక్ అయినా పర్వాలేదు. రెసిస్టర్లన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్. కార్బన్ రెసిస్టర్లు ఇంత చిన్న సిగ్నల్ దగ్గర సొంతంగా రొద కలుపుతాయి.

భాగాలు ఎక్కడ కొనాలి?

హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు. పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు, 1 శాతం రెసిస్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తేలిక. ఐసీతో పాటు ఐసీ బేస్ కూడా అడిగి తీసుకోండి. ఐసీని నేరుగా బోర్డుకు సోల్డర్ చేస్తే రేపు మార్చవలసి వచ్చినప్పుడు బోర్డు మీది రాగి ఊడివస్తుంది.

పవర్ సప్లై ఎలా ఉండాలి? 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందా?

నేను 15-0-15, 500 మిల్లీఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 7812, 7912 రెగ్యులేటర్లు పెడతాను. 15కి 7815 కదా పెట్టాలి అని చాలామంది అడుగుతారు. 230 వోల్టులు నిలకడగా ఉండే చోట అదీ బాగానే పని చేస్తుంది. కానీ ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి 180కి, 170కి పడిపోయే ఊళ్లు మనకు తక్కువేమీ కాదు. 170 దగ్గర 15-0-15 నుంచి ఫిల్టర్ కెపాసిటర్ మీదికి వచ్చేది 15 వోల్టులే. రెగ్యులేటర్ పని చేయాలంటే తన అవుట్‌పుట్ కన్నా సుమారు 2 వోల్టులు ఎక్కువ కావాలి. 7812కు ఆ 15 చాలు, 7815కు చాలవు. చాలకపోతే ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమనే శబ్దం నేరుగా పాటలోకి దిగుతుంది. 12-0-12తో 7812 వాడితే 200 వోల్టుల దగ్గరే ఆ అంచుకు చేరతాం. ప్లస్ మైనస్ 12తో ఐసీకి వచ్చే సందు తక్కువేమీ కాదు. అవుట్‌పుట్ 7 వోల్టుల దాకా పగలకుండా వెళ్తుంది, మనకు కావలసింది దానిలో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ.

నాలుగు 1ఎన్4007 డయోడ్లు, వైపుకు ఒకటి చొప్పున 2,200 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్లు, రెగ్యులేటర్ల ముందు 0.33, వెనుక 10 మైక్రోఫారడ్. ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల వైపు స్లో బ్లో ఫ్యూజు పెట్టండి. ఇనుప పెట్టె అయితే ఎర్త్ పిన్ వైరును పెట్టెకు బోల్టుతో బిగించండి. ఈ రెండూ మానేసి ఇంట్లో పిల్లలు తిరిగే చోట పెట్టవద్దు.

7912 పెట్టగానే పొగ వచ్చింది. ఎందుకు?

7812కూ 7912కూ పిన్నుల వరుస వేరు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి అందరూ ఇక్కడ పొరబడతారు. అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి పట్టుకుంటే 7812కు ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనుక రేకు కూడా ఒకటి కాదు. 7812 రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, 7912 రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు బిగిస్తే షార్టే. ఈ సర్క్యూట్ తీసుకునే కరెంటుకు అసలు హీట్ సింకే అక్కరలేదు, వదిలేయండి.

మొబైల్ చార్జర్‌తోనో, బ్యాటరీలతోనో నడపవచ్చా?

రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడుస్తుంది, సప్లై నుంచి వచ్చే హమ్ అసలే ఉండదు. కానీ 5532 దాదాపు 8 మిల్లీఆంప్స్ తాగుతుంది. కొద్ది రోజులకే బ్యాటరీలు అయిపోతాయి. పరీక్షకు మాత్రం అద్భుతం: బ్యాటరీతో నిశ్శబ్దంగా ఉండి, ట్రాన్స్‌ఫార్మర్‌తో హమ్ వస్తే తప్పు ఎటు ఉందో తెలిసిపోతుంది. మొబైల్ చార్జర్ జోలికి పోవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఏ వరుసలో చూడాలి?

ఐసీని బేస్‌లో పెట్టకుండా మొదలుపెట్టండి. 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉన్న సిరీస్ బోర్డు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. బాగుంటే మల్టీమీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కు పెట్టి పిన్ 8 దగ్గర ప్లస్ 12, పిన్ 4 దగ్గర మైనస్ 12 వచ్చాయా చూడండి. కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఐసీ గాటు ఎటు ఉందో చూసి పెట్టండి. మళ్లీ కరెంటు ఇచ్చి పిన్ 1, పిన్ 7 కొలవండి. కొన్ని పదుల మిల్లీవోల్టుల లోపు ఉండాలి. ఇంతవరకూ ఆంప్లిఫయర్‌కు కలపనే కూడదు. అవుట్‌పుట్‌లో పెద్ద డీసీ ఉంటే స్పీకర్ ప్రాణం మీదికి వస్తుంది.

పిన్ 1 దగ్గర మైనస్ 5 వోల్టులు ఉంది. ఐసీ పోయిందా?

ఐసీ తీయకండి, 180 ఓముల కింద ఉన్న 220 మైక్రోఫారడ్‌ను చూడండి. దాన్ని మరిచిపోయి 180ని నేరుగా గ్రౌండ్‌కు కలిపి ఉంటారు, లేదా దాని కాళ్ల మధ్య సోల్డర్ అంటుకుని ఉంటుంది.

కారణం వివరిస్తాను, ఒకసారి అర్థమైతే ఎప్పుడూ తప్పు జరగదు. 5532 ఇన్‌పుట్ పిన్ సుమారు 200 నానోఆంప్స్ కరెంటు లాగుతుంది. అది 47 కిలో ఓముల గుండా పోతే పిన్ 3 దగ్గర 9.4 మిల్లీవోల్టులు మైనస్‌కు దిగుతుంది. కెపాసిటర్ ఉంటే డీసీకి గెయిన్ ఒకటే, ఆ కాస్త వోల్టేజి అలాగే ఉండిపోతుంది. కెపాసిటర్ లేకపోతే డీసీకి గెయిన్ 529 రెట్లు. 9.4ని 529తో గుణించండి, మైనస్ 5 వోల్టులు. కొన్ని ఐసీలు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి, వాటితో అవుట్‌పుట్ సప్లై అంచు దాకా వెళ్లి అంటుకుపోతుంది.

హమ్ వస్తోంది. ఏం చేసినా పోవడం లేదు.

ముందు కుర్చీ వేసుకుని కూర్చుని వినండి. శబ్దం ఎలాంటిదో చెవికే తెలుస్తుంది. మెత్తగా, గుండెలో మోగినట్టు ‘మ్‌మ్‌మ్’ అంటే అది 50 హెర్ట్జ్. గాలిలో నుంచి, అంటే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో, ఎర్త్ లేని వైరు నుంచో వస్తోంది. గరుకుగా ‘బర్‌ర్’ అంటే అది 100 హెర్ట్జ్. డయోడ్లు సెకనుకు వందసార్లు కెపాసిటర్లను నింపేటప్పుడు పుట్టేది, సప్లై వైపు నుంచి వస్తోంది.

తరువాత ఇన్‌పుట్ జాక్‌లో లోపలి పిన్ను, బయటి రింగు కలిపేసిన ఒక ప్లగ్గు పెట్టండి. హమ్ పోతే తప్పు ప్రీయాంప్ బయట ఉంది: ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ వైరు కలపలేదేమో, కార్ట్‌రిడ్జ్ వెనుక నాలుగు వైర్లలో నీలం గానీ ఆకుపచ్చ గానీ ఊడిందేమో చూడండి. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. హమ్ పోకపోతే తప్పు పెట్టె లోపలే ఉంది.

లోపల ఉన్నది మెత్తటి 50 హెర్ట్జ్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు విప్పి, దాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ వినండి. 230 వోల్టుల కొసలు ముందే టేపుతో కప్పి ఉంచాలి. ఒక కోణంలో హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడ బిగించండి. ఇంకా మంచిది, ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరే పెట్టెలో పెట్టి అర మీటరు దూరం జరపడం. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, వెనక్కి తిరిగి చూడలేదు.

గరుకు 100 హెర్ట్జ్ నన్ను ఒకసారి మూడు వారాలు ఏడిపించింది. ఐసీ మార్చాను, ఫిల్టర్ కెపాసిటర్లు రెట్టింపు చేశాను, షీల్డ్ వైరు మార్చాను, చుక్క తగ్గలేదు. చివరికి వైర్లను ఒక్కొక్కటిగా కాగితం మీద గీస్తే దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య కొస నుంచి రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే చోటికి ఆరు సెంటీమీటర్ల వైరు ఉంది. సిగ్నల్ గ్రౌండ్‌ను నేను ఆ వైరుకు ట్రాన్స్‌ఫార్మర్ కొస దగ్గర కలిపాను, కెపాసిటర్ల కొస దగ్గర కాదు. ఆరు సెంటీమీటర్ల రాగి తీగ రెసిస్టెన్స్ సుమారు 3 మిల్లీ ఓములు. కెపాసిటర్లు నిండే ఆ కొద్ది క్షణంలో దాని గుండా ఒక ఆంపియర్‌లో మూడో వంతు పారిందనుకోండి, ఆ తీగ రెండు కొసల మధ్య 1 మిల్లీవోల్టు. కార్ట్‌రిడ్జ్ ఇచ్చేదే 5 మిల్లీవోల్టులు. నేను ఆ బర్రుమనే శబ్దాన్ని చేజేతులా సిగ్నల్‌లో కలిపి, పైగా దాన్ని 54 రెట్లు పెంచుతున్నాను. సిగ్నల్ గ్రౌండ్ వైరును ఆరు సెంటీమీటర్లు జరిపి కెపాసిటర్ల కొస దగ్గర సోల్డర్ చేశాను. నిశ్శబ్దం. ఆ రాత్రి ఒకే రికార్డు మూడుసార్లు విన్నాను.

కాబట్టి నియమం ఇది. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య కొస నేరుగా ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే చోటికి. ఆ చోటి నుంచి మరో వైరు బోర్డు గ్రౌండ్‌కు. ఇన్‌పుట్ జాక్‌ల రింగులు పెట్టెకు తగలకుండా వాషర్లతో బిగించి, వాటి గ్రౌండ్ బోర్డులో పిన్ 3 దగ్గరి 47 కిలో ఓముల పక్కన కలవాలి. పెట్టెకూ సిగ్నల్ గ్రౌండ్‌కూ మధ్య ఒకే చోట 10 ఓముల రెసిస్టర్, దానికి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా, కంప్యూటర్ గానీ టీవీ గానీ అదే ఆంప్లిఫయర్‌కు కలిపినప్పుడే హమ్ వస్తే అది రెండు ఎర్త్‌ల మధ్య చుట్టు. కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ పని ఎప్పుడూ చేయకండి.

రికార్డు ఆగాక నెమ్మదిగా రేడియో వార్తలు వినిపిస్తున్నాయి!

భయపడనక్కరలేదు. పొడుగు వైరు ఏరియల్‌గా, ఐసీ లోపలి ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ డయోడ్‌గా పని చేస్తే మీడియం వేవ్ రేడియో తయారైనట్టే. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు దగ్గరలో ఉన్నవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. ఇన్‌పుట్‌లోని 100 ఓములు, 100 పికోఫారడ్ ఉన్నది దీని కోసమే. వాటిని బోర్డు మీద ఎక్కడో కాకుండా జాక్ కాళ్లకే సోల్డర్ చేయండి. చాలకపోతే ఆ 100 ఓముల ముందు వైరుకు ఒక ఫెరైట్ పూస తొడగండి. ప్లాస్టిక్ పెట్టె అయితే ఇనుప పెట్టెకు మార్చండి.

ఒక చానెల్ మాత్రమే వస్తోంది.

ఇన్‌పుట్ ప్లగ్గులు రెండూ అటుదిటు ఇటుదటు మార్చండి. మూగ చానెల్ వైపు మారితే తప్పు ప్లేయర్‌లో ఉంది, ముందుగా కార్ట్‌రిడ్జ్ పిన్నులు తుడవండి. మారకపోతే ప్రీయాంప్‌లో వెతకండి.

వాల్యూమ్ కంట్రోల్ తిప్పితే కరకరలాడుతోంది.

కొత్తది కూడా అలా చేస్తే పాట్ (వాల్యూమ్ తిప్పే రెసిస్టర్) మీద డీసీ పడుతోంది. ఫోనో ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ తరువాతే పాట్ పెట్టాలి. పాతదైతే కాంటాక్ట్ క్లీనర్ చాలు. కొనేటప్పుడు ‘ఏ’ అని ముద్ర ఉన్న లాగ్ పాట్ తీసుకోండి, ‘బీ’ లీనియర్. లీనియర్ పెడితే కొంచెం తిప్పగానే హోరెత్తి, మిగతా తిప్పుడంతా వృథా అవుతుంది.

‘స’, ‘ష’ పలికినప్పుడు గరగరలాడుతోంది. ఏ కెపాసిటర్ మార్చాలి?

ఏదీ మార్చకండి. ముల్లు అరిగింది, లేదా ముల్లు మీది బరువు తక్కువగా ఉంది. ప్లేటు లోపలి వలయాల దగ్గర ఎక్కువగా వస్తోందా? అయితే కార్ట్‌రిడ్జ్ అమరిక కూడా చూడండి.

ఖరీదైన ఐసీ పెడితే బాగుంటుందా?

టీఎల్072 నుంచి 5532కు మారితే తేడా వినిపిస్తుంది. వోల్టేజి రొద మొదటిదానికి 18 నానోవోల్టులు, రెండోదానికి 5. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ లాభం చిక్కిపోతుంది, ఎందుకంటే మూవింగ్ మాగ్నెట్ కాయిల్ పై ఫ్రీక్వెన్సీల్లో పది పదిహేను కిలో ఓముల అడ్డంకి అవుతుంది. అప్పుడు ఐసీ వోల్టేజి రొద కన్నా కరెంటు రొద ఎక్కువ లెక్కలోకి వస్తుంది. అతి తక్కువ వోల్టేజి రొద ఉందని ప్రకటించే ఐసీల్లో కొన్నిటికి కరెంటు రొద ఎక్కువ. ఆ డబ్బుతో కొత్త ముల్లు కొనమని నా సలహా. ఒకే ఆంప్లిఫయర్ ఉండే ఎన్‌ఈ5534ను మాత్రం ఈ బేస్‌లో పెట్టకండి, దాని పిన్నుల వరుస వేరు.

గెయిన్ పెంచాలంటే?

180 ఓములను 100 చేయండి. గెయిన్ 97 రెట్లు, సుమారు 40 డెసిబెల్స్ అవుతుంది. 220 మైక్రోఫారడ్‌ను 470కి పెంచండి, లేకపోతే బాస్ కొంత తెగుతుంది. ఫీడ్‌బ్యాక్ జంటలను ముట్టుకోవద్దు. ఇంకా సన్నటి సిగ్నల్ ఇచ్చే మూవింగ్ కాయిల్ కార్ట్‌రిడ్జ్‌కు ఇది కూడా చాలదు, దాని ముందు మరో ఆంప్లిఫయర్ కావాలి.

పాట లేనిచోట కూడా స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

ప్లేటు వంగింది. ఆ వంపు క్షణానికోసారి ముల్లును పైకీ కిందికీ ఆడిస్తుంది, ఆర్‌ఐఏఏ సవరణ దాన్ని ఇంకా పెంచుతుంది. 180 ఓముల కింద ఉన్న 220ని 47 మైక్రోఫారడ్‌కు మార్చండి. 19 హెర్ట్జ్ కింద ఉన్నది తగ్గడం మొదలవుతుంది. మృదంగం బాస్‌కు ఏమీ కాదు.

కర్వ్ సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, దాని అవుట్‌పుట్‌ను 10 కిలో ఓమ్‌లు, 33 ఓముల డివైడర్‌తో 300 రెట్లు తగ్గించి ఇన్‌పుట్‌కు ఇవ్వండి. 1,000 హెర్ట్జ్ దగ్గర వచ్చిన దానికి 100 హెర్ట్జ్ దగ్గర నాలుగున్నర రెట్లు రావాలి. 10,000 దగ్గర అయిదో వంతు. ఈ చివరిది చవక మల్టీమీటర్‌తో కొలవకండి. దాని ఏసీ రేంజి 50 హెర్ట్జ్ కోసం చేసింది, పైన తప్పు చూపిస్తుంది. కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి ఇచ్చి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో సిగ్నల్ ఎత్తు చూడండి. రెండు చానెళ్ల మధ్య తేడా అర డెసిబెల్ దాటితే కెపాసిటర్ల జతలు మళ్లీ ఏరాలి.

తాతగారి 78 ఆర్‌పీఎం రికార్డులున్నాయి, పద్యనాటకాలవి. వీటికి ఈ ప్రీయాంప్ పనికి వస్తుందా?

వస్తుంది, చిన్న మార్పుతో. ఇవి చాలావరకు 1954కు ముందువి. ట్రెబుల్‌ను పెంచి కోయనివి చాలా ఉన్నాయి. ఆర్‌ఐఏఏతో వింటే వాటి మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. రెండో జంటలో 10 నానోఫారడ్‌ను తీసేసి, 7.5 కిలోను 22 కిలో చేయండి. బాస్ సవరణ 250 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, పైన సమంగా ఉంటుంది. గెయిన్ 7 డెసిబెల్స్ పెరుగుతుంది, వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టండి. రెండు రకాలూ వినేవారు దీనికి ఒక స్విచ్చి పెట్టుకోవచ్చు, కానీ స్విచ్చి వైర్లు రెండు మూడు సెంటీమీటర్లు మించకూడదు.

ముల్లు మాత్రం వేరేది కావాలి. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78కి 65 నుంచి 75. సన్న ముల్లు వెడల్పు గాడి అడుగున పడి దుమ్మును గీకుతుంది, పద్యం వినిపించదు. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి. ముల్లు పైకీ కిందికీ ఆడే రొద రెండు చానెళ్లలో ఎదురెదురుగా ఉంటుంది కనుక కలిపితే కొట్టుకుపోతుంది.

ఇంకొకటి. ఆ ప్లేట్లను స్పిరిట్‌తో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తుడవకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. మంచినీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, మధ్యలోని కాగితం తడవకుండా చూసుకుని, వెంటనే ఆరబెట్టండి.